తాలును తాలుగా చూపిన తెర

మునేటి ఇసుకతిన్నెల మీద భానుడు తన కిరణశరాలకు సానపెడుతున్న వేళ, పత్తిలారీలు రేపిన ధూళి దిగంతాలను కమ్మి, రహదారి పక్క టీకొట్ల గాజుగ్లాసుల్లోకి సైతం చొరబడుతున్న ఫాల్గుణ మాసాన, పెనుగంచిప్రోలు నుంచి నందిగామ మీదికి ఒక ఆటో దండెత్తింది. వెనకసీటున అపజయపరంపరాభూషితుడు, క్షమాగుణవర్జితుడు, భార్య పోయిన నాటి నుంచి సగం ఊరితో మాటలు మానేసినవాడు, మిరపరైతు జ్ఞానయ్య ఆసీనుడై ఉన్నాడు. సారథి ఆయన బావమరిది నెహెమ్యా. ఆయుధాలు రెండే: జేబులో ఒక పెన్‌డ్రైవు, కాగితంలో చుట్టిన నాలుగు ఎండుమిరపకాయలు.

ఈ దండయాత్రకు మూలకారణం ఒక ఫ్లెక్సీ. పోయిన ఏడు ఆ భార్య కృపాజ్యోతి జ్ఞాపకార్థ ప్రార్థన కూడికకు జగ్గయ్యపేట స్టూడియో కిషోర్‌బాబు చేసిచ్చిన ఆ ఫ్లెక్సీలో, చామనచాయ ఇల్లాలి స్థానంలో, పాలకుండలో ముంచి ఆరబెట్టినట్టున్న ధవళాంగి ఎవరో నవ్వుతూ నిలబడింది.

"ఏం చేసావయ్యా మా ఆవిణ్ణి?" అన్నాడు జ్ఞానయ్య.

"కొంచెం ఇంప్రూవ్ చేసానండి. అందరికీ అట్టాగే చేస్తాం. ఇంతవరకూ ఎవరూ ఏమన్లేదు."

"తనే ఉంటే అనేది."

ఆ క్షణాన, దిక్కులు పిక్కటిల్లకపోయినా, జ్ఞానయ్య ప్రతిజ్ఞ చేశాడు. ఇక తన ఫొటోలు తానే దిద్దుకుంటాడు. ఫోనులో అభ్యాసం మొదలైంది. పక్కింటి గేదె, మునేటి లకుముకిపిట్ట, నెహెమ్యా ఆటో, ఏదీ ఆయన దిద్దుబాటుకు అతీతం కాలేదు. దీనికి నెహెమ్యా హాబీ అని పేరు పెట్టాడు. ఊరు వేరే పేరు పెట్టింది. ఇంతలో ఒకనాడు, ఒకే ఫొటో తన ఫోనులో ఒక రంగులో, నెహెమ్యా ఫోనులో మరో రంగులో కనబడేసరికి, ఘోరసత్యమొకటి వీరుడి ఎదుట సాక్షాత్కరించింది: ప్రతి తెరా ఒక కిషోర్‌బాబే.

ఆదివారం మళ్లీ కూడిక. ఈలోగా ఆమె రంగు ఆమెకు దక్కకపోతే, అటక మీది పాలకుండ ఫ్లెక్సీయే మళ్లీ గోడెక్కుతుంది. అబద్ధమాడని కంప్యూటరు కావాలి. దాన్ని పట్టే ఉపాయం జేబులోనే ఉంది. మిగిలిన మంచి ఫొటో ఒక్కటే: కల్లంలో కూర్చుని కృపాజ్యోతి తాలు ఏరుతున్నది. తాలంటే రంగు విడిచి తెల్లబారిన కాయ. దాన్ని ఏరేస్తేనే మిగతాది మిరప అనిపించుకుంటుంది. తాలును తాలుగా చూపే తెర ఆమెను ఆమెగా చూపకపోదు.

బస్టాండు దగ్గరి కంప్యూటర్ల కొట్టులో శత్రుసేన బారులు తీరి ఉంది. యజమానురాలు ఇర్ఫానా మొదటి యోధుణ్ణి రంగంలోకి దింపింది. మీట మీటకూ ఒక రంగు దీపం, లోపల పంకాల హోరు.

"గేమింగ్‌దంకుల్. ఎడిటింగ్ పరిగెత్తుద్ది దీంట్లో."

ఫొటో తెరిచారు. జ్ఞానయ్య తెచ్చిన నాలుగు కాయల్లోంచి ఒక తాలుకాయ తీసి తెరకు ఆనించాడు. చేతిలోది పాలిపోయి ఉంది. తెర మీద తాలుకుప్ప నిప్పులకుప్పలా ధగధగలాడుతోంది.

"ఇదే తీసుకో బావా," అన్నాడు నెహెమ్యా. "పంటంతా దీంట్లో చూపించి అమ్మేద్దాం."

రెండోది సన్నని వెండిరేకు. అందులో కృపాజ్యోతి సున్నం కొట్టిన గోడ. మూడోదాంట్లో పసుపు రాసిన గడప. అలా ఒక్కొక్క తెర ముందూ మిరపకాయ ఖడ్గంలా దూసి, పరీక్షించి, నేలకూల్చుతూ సాగిన ఆ సమరసింహుడు, యుద్ధశ్రమచే నుదుట పట్టిన చెమటను తుడుచుకోబోయి, మిరపకాయలు పట్టిన చేతినే కంటికి రాసుకున్నాడు.

కన్నీరు కాలువ కట్టింది. ఇర్ఫానా పరుగున నీళ్లు తెచ్చింది.

"ఊరుకోండంకుల్. ఆంటీ ఎక్కడున్నా..."

"మిరపకాయమ్మా."

"అవునంకుల్," అంది ఆ అమ్మాయి, నమ్మకుండా.

అప్పుడు ఏకాక్షియైన జ్ఞానయ్య రణరంగమధ్యాన నిలిచి ప్రసంగించాడు. కావ్యభాషలో దాని సారం ఇది: "ఓ తళుకుబెళుకుల తెరలారా, లోకమంతటికీ ముఖస్తుతి చేసి బతికే వందిమాగధులారా, మీలో సత్యసంధుడొక్కడూ లేడా?" ఆయన నోటి నుంచి నిజానికి వెలువడింది: "అన్నీ తాలేనమ్మా."

ఇర్ఫానా కుర్చీ వెనక్కి జరిపింది. "ఒకటుందంకుల్. రంగుల్లేవని ఒకాయన వాపసిచ్చాడు. లోపం లేదు గానీ మెరవదు."

బల్ల కింద నుంచి బూడిదరంగు లావుపాటి లాప్‌టాప్ ఒకటి బయటికొచ్చింది. తెరిచారు. తాలు తాలులా ఉంది. కృపాజ్యోతి చామనచాయలో, మోచేతులదాకా మిరపధూళితో, ఏదో చివాట్లు పెట్టబోతున్నట్టు తలెత్తి చూస్తోంది. జ్ఞానయ్య మంచి కన్ను కూడా తుడుచుకోబోతే నెహెమ్యా చెయ్యి పట్టుకు ఆపాడు.

"ఆ చివర్న నువ్వు కూడా ఉన్నావేంది బావా?"

ఉన్నాడు. చేతులు కట్టుకుని, మూతి ముడిచి, లోకాన్ని దోషిగా నిలబెట్టి. ఏ తెర మీదా కంటికి ఆనని మనిషి ఇందులో నిర్దాక్షిణ్యంగా కనబడుతున్నాడు.

"అక్క నిన్ను తాలుకాయ అంటంటే ఎగతాళికనుకున్నా," అన్నాడు నెహెమ్యా. "రంగు కూడా కలిసింది."

జ్ఞానయ్య ఇర్ఫానా వైపు తిరిగాడు. "ప్యాక్ చెయ్యమ్మా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వీరుడు తెర ముందు కూర్చున్నాడు. ఆమె ముఖంలో దిద్దవలసిందేమీ కనబడలేదు. ఇక చెయ్యి ఊరికే ఉండక తన ముఖం మీదికి పోయింది. వెలుగు పెంచే గీటును కొంచెం జరిపాడు. మూతి అలాగే ఉన్నా మనిషి మెరుగయ్యాడు. ఇంకొంచెం జరిపాడు. ఎంతో ద్వేషించి, ప్రతిజ్ఞ పూని, నందిగామదాకా తరిమిన శత్రువు తన వేలి కొసనే కాపురముంటున్నాడని అప్పుడు తెలిసింది. కృపాజ్యోతి తలెత్తి చూస్తూనే ఉంది. గీటును వెనక్కి లాగాడు. మొదటిచోటికి. పూర్తిగా.

ప్రింటు తీసేవాడు మాత్రం జగ్గయ్యపేటలో ఇంకా ఆ కిషోర్‌బాబే.

"అమ్మగారిది ముట్టుకోనండి," అన్నాడతను. "మీ మొహం మాత్రం కొంచెం..."

"వద్దు."

"బాగుంటదండీ."

"బాగుంటదని తెలుసులే. వద్దు."

ఆదివారం గోడ మీద, చామనచాయ ఇల్లాలి పక్కన, తాలుకాయ ఒకటి నిలిచింది. మోగాలి దుందుభులు, కురవాలి పుష్పవర్షం: పెనుగంచిప్రోలు మహావీరుడు యావద్బలమూ ఒడ్డి ఒక గీటును వేలెడంత వెనక్కి లాగాడు! మరి కిషోర్‌బాబును క్షమించాడా? లేదు. ప్రింటు బాగా వచ్చిందనుకున్నాడు. ఆ మాట అతనితో అనలేదు.