తిరగలి తిప్పితే తరిస్తారు!

ఇంట్లో ఉన్న మెషీన్లన్నీ ఈ పూటే అవతల పారేయండి! మిక్సీ, టోస్టర్, వాషింగ్ మెషీన్... వాటిలో ఒక్కటి మిగిలినా మీకు ముక్తి లేదు. మీ నడుంనొప్పికీ, మీ చిరాకుకీ, మీ పిల్లలు మీ మాట వినకపోవడానికీ ఆ వైర్లూ ఆ ప్లగ్గులే కారణమని మీకింకా తెలియకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

వసంతం వచ్చింది. చెట్లు చిగురిస్తున్నాయి. వాటికెవరైనా స్విచ్ వేశారా? లేదే! మరి మనకెందుకండీ స్విచ్చులు?

ఈ ప్రశ్న నేను పోయిన నెల ఇదే కాలమ్‌లో వేశాను. పల్లెబతుకులోని హాయి గురించి, మట్టి ముట్టుకోవడంలోని ఆనందం గురించి రాశాను. మరీ ముఖ్యంగా, చిన్నప్పుడు మా ఇంట్లో తిరగలిలో విసిరిన పిండితో కాల్చిన రొట్టె వాసన మీద రెండు పేరాలు రాశాను. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. ఒకాయన ఆ పేరాలు మూడుసార్లు చదివానని ఉత్తరం రాశాడు. నేను ఐదుసార్లు చదివాను.

మా ఆవిడ ఒక్కసారే చదివింది. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. కాగితం మీద ఏం రాసి ఉంటే అది తీసి ఇచ్చెయ్యడమే వాళ్ళ వృత్తిధర్మం. మర్నాడు సాయంత్రానికి మా మిక్సీ, టోస్టర్ ఎదురింటి దర్జీ ఇంటికి వెళ్ళిపోయాయి. నక్క తోక తొక్కాడు మహానుభావుడు! వాషింగ్ మెషీన్ మోయలేక దానిమీద దుప్పటి కప్పి పూలకుండీలు పెట్టేసింది. మిక్సీ ఖాళీ చేసిన చోట రెండు రాళ్ళూ ఒక కర్రపిడీ ఉన్న తిరగలి వచ్చి కూర్చుంది.

"ఇదేమిటి?" అన్నాను.

"మీరు రాసిందే కదండీ, పల్లెబతుకు."

"బాగానే ఉంది. ఎవరు తిప్పుతారు?"

"రాసింది మీరు, తిప్పేదీ మీరే. నాకు షాపుకి టైమవుతోంది," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

పాఠకులారా, సింపుల్‌గా బతకడం వల్ల లాభాలు ఒకటా రెండా! మొదటిది, తీరిక అనే జబ్బు పూర్తిగా నయమవుతుంది. ఇదివరకు సాయంత్రాలు మేమిద్దరం టీ తాగుతూ, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, ఎవరింటి గుట్టో మాట్లాడుకుంటూ గంటలకు గంటలు వృథా చేసేవాళ్ళం. ఇప్పుడు మాట్లాడుకోవడానికి టైమెక్కడిది? ఆవిడ బట్టలుతుకుతుంటే నేను సబ్బు కాస్తుంటాను.

అవునండీ, సబ్బు నేనే కాచాను! నురగ రాదు. నురగ అనేది కంపెనీలవాళ్ళు మనకు అలవాటు చేసిన వ్యసనం, దాన్ని మానుకోవాలి. నా సబ్బు రుద్దుకున్నాక ఒంటికి పట్టిన జిడ్డు వదిలించుకోవడానికి ఇంకో సబ్బు కావాలి గానీ, ఆరోగ్యం ముందు అదేపాటి?

బుట్ట కూడా అల్లాను. మా బిల్డింగు కింద హాల్లో 'వసంత హస్తకళలు' అని రెండు ఆదివారాలు క్లాసులు పెట్టారు. అందరి బుట్టలూ గుండ్రంగా వచ్చాయి. నాది కూడా గుండ్రంగానే మొదలై, మధ్యలో మనసు మార్చుకుంది. "దీనిమీద ఎవరైనా కూర్చున్నారా?" అని అడిగింది మా ఆవిడ. కళను అర్థం చేసుకోవడానికి సంస్కారం కావాలి. ప్రస్తుతం అందులో పెడితే సందుల్లోంచి జారిపోని వస్తువు ఒకటే దొరికింది. అది ఇంకో బుట్ట.

ఇక తోట! బాల్కనీలో పదకొండు కుండీలు. టొమాటోలు చీడపట్టి పోయాయి. పాలకూర పావురాల పాలయింది. కానీ ఒక కుండీలో వేసిన ఉల్లిపాయలు మాత్రం చూడాలి, ఎంత ఏపుగా పెరిగాయని! పొద్దున్నే లేచి ఆ పచ్చటి కాడలకు నేనే స్వయంగా నీళ్ళు చిలకరించేవాణ్ణి. నాలుగు కాడలు తుంచి సూప్‌లో కూడా వేశాను. ఉల్లి వాసన రాలేదు. రసాయనాలు వెయ్యకపోతే ఉల్లి వాసన అలాగే ఉంటుంది కాబోలనుకున్నాను.

తిరగలి సంగతికొద్దాం. గుప్పెడు గోధుమలు పోసి పిడి పట్టుకున్నాను. ఇరవై నిమిషాలు తిప్పాను. చొక్కా తడిసిపోయింది. రాళ్ళ చుట్టూ రాలిన పిండిని పోగుచేస్తే రెండు చెంచాలయింది. మూడోరోజుకి తల దువ్వుకుందామన్నా చెయ్యి పైకి లేవలేదు. పోనీ మానేద్దామంటే, ఊరందరికీ నీతులు చెప్పి నేనే దుకాణానికెళ్ళి పిండి కొంటే పరువేం కాను? కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

సరిగ్గా ఆ క్షణాన నాకు మా అక్క గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందని అడక్కండి. ప్రేమండీ! రక్తసంబంధం!

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఊళ్ళో కూరగాయలు పండిస్తుంది. నలభై ఏళ్ళుగా ఆ పొలాన్ని వదిలి రెండు రాత్రుళ్ళు ఎక్కడా ఉండి ఎరగదు. ఈమధ్య కుడిచేతి మణికట్టు వాచిపోతే, నెలరోజులు ఆ చేత్తో పని ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఫోన్ చేశాను.

"అక్కా, ఎంతకాలమని ఆ మట్టిలో పడుంటావు? మా ఇంటికొచ్చి పదిరోజులు కాలుమీద కాలేసుకుని కూర్చో. ఇక్కడి పుల్ల అక్కడ పెట్టక్కర్లేదు. ఒట్టు!"

"నిజంగానా?" అంది. అలా మూడుసార్లు అడిగింది. పొలం బావకి అప్పగించి మూడోరోజు పొద్దున్నే దిగింది. ఇంట్లో వేసుకు తిరగడానికి మెత్తటి చెప్పులు కొత్తవి కొనుక్కుని మరీ వచ్చింది. జన్మలో మొదటిసారి తీరిగ్గా కూర్చోబోతున్నానని బస్సులో పక్కావిడకి కూడా చెప్పిందట.

లోపలికొచ్చి ఇల్లంతా కలయజూసింది. వంటగదిలో ఖాళీ ప్లగ్గులు, హాల్లో నేను చేసిన కొవ్వొత్తులు, దుప్పటి కప్పుకుని పడున్న వాషింగ్ మెషీన్. ఆవిడ మొహం పాలిపోయింది. నన్ను మూలకి లాక్కెళ్ళి గొంతు తగ్గించింది.

"ఒరేయ్, ఉద్యోగం పోయిందా?"

"లేదక్కా!"

"కరెంటు కట్ చేశారా మరి? మా ఇంట్లో మిక్సీ వచ్చి పదేళ్ళయిందిరా. మీకింకా లేదేమిటి? అప్పులవాళ్ళు పట్టుకుపోయారా?"

ఇది సింపుల్ లివింగ్ అని, ఇప్పుడు చదువుకున్నవాళ్ళంతా ఇలాగే బతకాలనుకుంటున్నారని విడమరిచి చెప్పాను. చివరిదాకా ఓపిగ్గా విని, మా ఆవిడ వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచమ్మా వీడిలా?"

"పోయిన నెల్నుంచి, వదినా," అంది మా ఆవిడ.

అక్కని సంతోషపెడదామని బాల్కనీలోకి తీసుకెళ్ళి ఉల్లి కుండీ చూపించాను. చూపించి, మెచ్చుకుంటుందేమోనని పక్కకి తిరిగి నిలబడ్డాను. అక్క వంగి ఒక కాడ తుంచి, నలిపి వాసన చూసింది.

"ఒరేయ్," అంది. "ఇది తుంగరా! కలుపు! నా బతుకంతా దీన్ని పీకడానికే సరిపోయింది. నువ్వు దీనికి కుండీ కొని నీళ్ళు పోస్తున్నావా?"

ఉల్లిపాయలు ఎప్పుడో కుళ్ళిపోయాయట. సూప్ సంగతి నేను చెప్పలేదు. కానీ మా ఆవిడ నోరు ఊరుకుంటుందా? చెప్పేసింది. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.

మర్నాడు పొద్దున మా ఆవిడ షాపుకెళ్ళాక, నేను తిరగలిని మెల్లిగా హాల్లోకి జరిపాను. గోధుమల డబ్బా కూడా పక్కన పెట్టాను. అక్క సోఫాలో కూర్చుని ఉంది.

"ఊరికే, నీకు పాతరోజులు గుర్తొస్తాయని," అన్నాను.

అక్క తిరగలి వైపు చూసింది, నా వైపు చూసింది. కిందకి దిగి, కాలు చాపుకుని, గుప్పెడు గింజలు పోసి పిడి పట్టుకుంది. రెండు చుట్లు గిర్రున తిరిగింది రాయి. ఏం చెయ్యి! నా ఇరవై నిమిషాల పిండి ఆ రెండు చుట్లలో రాలింది. మూడో చుట్టుకి "అబ్బా" అని మణికట్టు పట్టుకుంది. అయినా లేవలేదు. ఎడంచెయ్యి వేసి మళ్ళీ తిప్పబోయింది.

"నువ్వు రాసింది మీ బావ చదివి వినిపించాడురా," అంది తలెత్తకుండా. "రొట్టె వాసన గురించి బాగా రాశావు. పిండి ఎవరు విసిరేవాళ్ళో రాయలేదేం?"

"అమ్మ కదక్కా?"

"అమ్మ చీకటితోనే పొలానికి పోయేది. నేనే విసిరేదాన్ని. నాకు పదకొండేళ్ళు. తమ్ముడు లేచేసరికి రొట్టె పెనం మీదుండాలని చెప్పి పోయేది అమ్మ. నువ్వు కళ్ళు నులుముకుంటూ వచ్చి తినేవాడివి." ఎడంచేత్తో కాస్త పిండి తుడిచింది. "నీకు రొట్టె గుర్తుంది. నాకు తిరగలి గుర్తుంది."

నేను గోధుమల డబ్బాకి మూత పెట్టాను.

"దీనికేనా నన్ను పిలిచింది?"

వ్యంగ్యం రాసి బతికేవాణ్ణి, దేనికైనా ఏదో ఒక వంకర సమాధానం సిద్ధంగా ఉంటుంది నా దగ్గర. ఆ పూట ఒక్కటీ దొరకలేదు. సిగ్గేసింది. పదిరోజులు కూర్చోబెడతానని ఒట్టేసి పిలిచిన మనిషిని రెండోరోజే నేలమీద కూర్చోబెట్టాను. ఆవిడ ఎదురుతిరక్కుండా కూర్చుంది కూడా.

"లే అక్కా, లే," అని రెక్క పట్టి లేపి సోఫాలో కూర్చోబెట్టి, ఒక్క పరుగున ఎదురింటికెళ్ళాను. దర్జీ తలుపు తీశాడు. లోపల మా మిక్సీ హాయిగా గుర్రుమంటోంది.

"మా మిక్సీ కాస్త ఇప్పించండి," అన్నాను.

ఆయన రెండు చేతులూ జోడించాడు. "మీ వ్యాసం చదివాను సార్. ఎంత చక్కగా రాశారు! మళ్ళీ ఈ మెషీన్ మీ ఇంట్లో పెట్టి నేను పాపం మూటగట్టుకోలేను. మీరు తరించండి. మాలాంటి పామరులం ఇలా పడుంటాం," అని తలుపేసుకున్నాడు.

ఏం చేస్తాను? వెనక్కొచ్చి తిరగలి ముందు కూలబడ్డాను. అక్క సోఫాలోంచి చూస్తోంది.

"డాక్టరు నన్ను విసరొద్దన్నాడు గానీ, చూడొద్దనలేదులే," అంది. "గుప్పెడుగుప్పెడే పొయ్యి. అంత పొయ్యకు. ఎడంచేత్తో పొయ్యాలి, కుడిచేత్తో తిప్పాలి. అలా మీద పడిపోతావేం, అది నీ మీదేమైనా పగబట్టిందా? నిటారుగా కూర్చో!"

సాయంత్రం మా ఆవిడ వచ్చింది. తిరగలి దగ్గర నేను, సోఫాలో కాళ్ళు చాపుకుని అక్క. సంగతంతా విని హ్యాండ్‌బ్యాగ్ పక్కన పడేసి, తనూ అక్క పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ తర్వాత రోజూ సాయంత్రాలు అదే వరస. ఇద్దరూ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, ఎవరింటి గుట్టో మాట్లాడుకుంటూ నవ్వుకుంటారు. కింద నుంచి నేను "ఏమిటి, ఏమిటి?" అంటే, "మీ పని మీరు చూసుకోండి" అంటారు.

కాబట్టి పాఠకమహాశయులారా, నా అభిప్రాయంలో ఏమీ మార్పు లేదు. పల్లెబతుకు చాలా హాయి. ఎటొచ్చీ ఒక చిన్న సవరణ. పోయిన నెల నేను రాసినదాంట్లో రొట్టె వాసన ఒక్కటే నాది. తక్కినదంతా మా అక్క మణికట్టు. చిన్నప్పటి రోజులే బంగారమని రాసే మగమహారాజులందరికీ నాదొక మనవి. ఆ రోజుల్లో మీకంటే ముందు నిద్రలేచిందెవరో ఒక్కసారి ఇంట్లో కనుక్కుని, ఆ తర్వాత కలం పట్టండి.

ఐదోరోజుకి రొట్టెకి సరిపడా పిండి పోగైంది. నేనే కలిపాను, నేనే ఒత్తాను, నేనే కాల్చాను. రొట్టె ఒక దేశం మ్యాపులా వచ్చింది, ఏ దేశమో తెలియదు. పళ్ళెంలో పెట్టి సోఫా దగ్గరికే తెచ్చి అక్క చేతికిచ్చాను. ఆవిడ పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. తను కాల్చని రొట్టె, ఇంట్లో ఇలా కూర్చున్న చోటికే ఎవరో తెచ్చి పెట్టడం ఆవిడకి ఇదే మొదటిసారట.

ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నేను పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఎలా ఉందక్కా?"

చాలాసేపు నమిలింది.

"మాడింది," అంది. "ఇంకోటి వెయ్యి."