మంత్రిగారి బీపీ, జంగయ్య బస్సు

బీపీ నూట ముప్పై దాటినవాళ్లందరూ ఇవాళ్టి నుంచి రోగులేనని శంషాబాద్ సభలో ఆరోగ్య మంత్రి హరిప్రసాద్ గారు ప్రకటించగానే మేమంతా చప్పట్లు కొట్టాం. పొద్దున్నదాకా హద్దు నూట నలభై. ఒక్క ఉపన్యాసంతో సగం ఊరిని మంచమెక్కించిన నాయకుణ్ణి నా జన్మలో చూడలేదు.

మా పక్కింటి జంగయ్య గగన్‌పహాడ్ నుంచి ఎయిర్‌పోర్టుకు స్టాఫ్ బస్సు నడుపుతాడు. సభ పక్కన వేసిన శిబిరంలో నర్సు సునీత పట్టీ కట్టి చూస్తే అతనికి నూట ముప్పై నాలుగు వచ్చింది. బస్సు కాంట్రాక్టరు అక్కడికక్కడే తాళంచెవి గుంజుకున్నాడు. రోగి చేతికి బండి ఎట్లా ఇస్తామని ఆయన బాధ.

"బీపీ నాక్కాదక్కా, మా ఇంటామెకు. పొద్దుగాల లేస్తే నన్నే తిడ్తది," అని జంగయ్య సునీతను బతిమాలాడు.

నిన్నటిదాకా ఇంత కొంచెం ఉంటే మూడు నెలలు నడవమని చెప్పి, తగ్గకపోతేనే గోలీ ఇచ్చేవాళ్లమని, ఇప్పుడు ఇవ్వకపోతే తనకు మెమో వస్తుందని ఆమె చెప్పింది. పాపం, ఆమె తప్పేముంది?

అంతలో ఫోటో కోసం మంత్రిగారు కుర్చీలో కూర్చుని చెయ్యి చాపారు. నూట ముప్పై ఎనిమిది. సునీత అలవాటు కొద్దీ పైకే చదివేసింది. పీఏ రాజశేఖర్ ముఖం పాలిపోయింది. మంత్రిగారు మాత్రం చలించలేదు.

"ఇది బీపీ ఏంది? ప్రజల కోసం ఆవేశం," అన్నారు.

సాయంత్రానికి సవరణ జీవో వచ్చింది. లోతైన శాస్త్రీయ పరిశీలన అనంతరం హద్దు మళ్లీ నూట నలభై. ఊరంతా గోలీ మింగకుండానే కోలుకుంది. తాళంచెవి చేతికి రాగానే జంగయ్య వాడంతా మిఠాయి పంచాడు.

పది రోజులు గడిచాయో లేదో పేపర్లో వార్త. మంత్రిగారు హిమాయత్ సాగర్ కట్ట మీద రోజూ నడుస్తున్నారట. బీపీ నూట ఇరవై ఎనిమిదికి దిగిందట. హద్దును తిరిగి నూట ముప్పై చేయాలని యోచిస్తున్నారట. ఆ నిబద్ధతకు నాకు కళ్లు చెమర్చాయి. జంగయ్యకు మాత్రం అన్నం సయించలేదు.

"ఆయన నడిస్తే నా బస్సు ఆగుతది గదన్నా," అన్నాడు.

ఆదివారం పొద్దున అతను స్కూటర్ తీస్తుంటే, భార్య రుక్మిణమ్మ పెద్ద జాడీ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. ఎక్కడికని అడిగాను.

"మంత్రిసారు ఇంటికన్నా. మామిడికాయ తొక్కు," అన్నది. "ఉప్పు జర ఎక్కువనే ఏసిన."