కుల్కుల్ మోగిన పూట

ఆ ఉదయం సెకరిని అనే ఆ వాడ పిల్ల పెట్టుకున్న పని చిన్నదే. కాసేపట్లో బంజార్ సమావేశం, అంటే వాడ సంఘం సభ, ఉంది. కొండ అంచున తిరుగుతూ తోటల మీద పడే కోతుల గుంపుని బోన్లలో పట్టి పక్క దీవికి పంపేయాలా వద్దా అన్నది వాడలోని ఇళ్లవాళ్లంతా కలిసి అందులో తేల్చాలి. పంపేస్తే ఆ కోతుల మీద ఆమె ఏళ్ల తరబడి చేస్తున్న పరిశోధన కూడా అదే పడవెక్కుతుంది. అందుకని ముందుగానే వాడపెద్ద విందియా పెదనాన్నకి ఒక సంగతి కళ్లారా చూపించాలనుకుంది.

"అపాయం కనబడితే వీటిలో ఒకటి కూత వేస్తుంది పెదనాన్నా. కూసినదాని మీదే ముందు శత్రువు కన్ను పడుతుంది. అయినా కూస్తుంది. చుట్టూ పిల్లలూ చెల్లెళ్లూ ఉంటే మరీనూ. తను పోయినా తన రక్తం మిగులుతుంది కదా! అలా కూసే వంశాలే తరతరాలుగా నిలబడ్డాయి."

"మీ పెద్దమ్మా కూస్తుంది," అన్నాడు విందియా కాఫీ ఊదుకుంటూ. "అపాయంతో పనిలేదు, నేను కనబడితే చాలు."

"ఆ కూతే రికార్డు చేశాను. స్పీకర్లో వేస్తే తోటల్లోంచి పారిపోతాయి. ఇక బోన్లెందుకు?"

"వెయ్యి చూద్దాం. అయినా ఎందుకే నీకంత కంగారు? సగం మందైనా వస్తే కదా ఓట్లు! ఈ సమావేశం ఇప్పటికి ఎన్నిసార్లు వాయిదా పడిందో నాకే గుర్తులేదు."

నిజానికి సెకరిని కూడా స్పీకర్ కంటే వాడవాళ్ల బద్ధకాన్నే ఎక్కువ నమ్ముకుంది.

కోతులు సమావేశ మంటపం గోడ మీద కూర్చుని, పొద్దున్నే పెట్టిన నైవేద్యంలోని అరటిపళ్లు తీరిగ్గా ఒలుచుకుంటున్నాయి. సెకరిని మీట నొక్కింది. కూత వినబడగానే గుంపంతా ఒక్క ఊపున అడవిలోకి దూకింది. ఒక్క కుర్రకోతి మాత్రం దారి తప్పి, పక్కనున్న గోపురం పైకెక్కేసింది.

ఆ గోపురంలోనే కుల్కుల్ వేలాడుతుంది. పనస మొద్దుని తొలిచి చేసిన డోలు. ఆగకుండా కొడితే నిప్పు గానీ దొంగ గానీ. ఆగి ఆగి కొడితే చావు. చప్పుడు విన్న ప్రతి ఇంటినుంచీ ఒకరు రావలసిందే. రానివాడింట్లో రేపు ఎవరైనా పోతే పాడె మొయ్యడానికి మనిషి దొరకడు. సమావేశాలకి బద్ధకించేవాళ్లు కూడా దీనికి మాత్రం అన్నం ముందునుంచి లేచి వస్తారు.

బెదిరిన కోతి డోలు పక్కన కొక్కేనికి వేలాడే కొయ్యసుత్తిని వాటేసుకుని ఊగింది. టకటకటకటక!

"దించవే దాన్ని!" అని అరిచాడు విందియా.

సెకరిని నిచ్చెనెక్కి సుత్తి పట్టుకుని లాగింది. కోతి తనవైపు లాగింది. ఇద్దరి లాగుడులో చప్పుడు నెమ్మదించింది. టక్... టక్... టక్...

అంతే, వాడ వాడంతా కదిలింది. మొదటి చప్పుడు విన్నవాళ్లు బిందెలతో, కొడవళ్లతో వచ్చారు. రెండోది విన్నవాళ్లు చావింటికిచ్చే బియ్యం బుట్టలు తలల మీద పెట్టుకుని వచ్చారు. రెండూ విన్న ఇళ్లలో మొగుడు బిందె పట్టుకుంటే పెళ్లాం బుట్ట ఎత్తుకుంది, మిగిలినవాళ్లు చూడ్డానికి వచ్చారు. ఎవడో "కప్పు మీద మంటైతే నిచ్చెన కావాలి!" అంటూ గోపురానికున్న నిచ్చెన భుజాన వేసుకుని పరుగెత్తాడు. కోతి కొబ్బరిచెట్టు మీదికి దూకి పోయింది. సెకరిని పైనే ఉండిపోయింది.

"పోయింది రంతున్ తాతే అయ్యుంటాడు. నిన్నటినుంచీ ఒకటే దగ్గు," అని సుద్రి అత్త ఏడుపు అందుకుంది. "ఎంత మంచివాడు! మా పందెంకోడిని పట్టుకెళ్లి తిరిగివ్వకపోయినా ఏనాడైనా నేను ఒక్కమాటన్నానా?"

"ఎవరమ్మా పోయింది?" అంటూ తాత బియ్యం బుట్టతో ఆయాసపడుతూ వచ్చాడు.

"నువ్వే తాతా."

తాత బుట్ట దించి మెట్టు మీద కూర్చున్నాడు. "మరి నాకెవరూ చెప్పలేదే," అన్నాడు, కొంచెం నొచ్చుకుని.

జరిగింది తెలిశాక జనం మండిపడ్డారు. విందియా మాత్రం కిటకిటలాడుతున్న మంటపాన్ని కళ్లనిండా చూసుకున్నాడు. ఆయన పెద్దరికంలో ఇంత హాజరు ఎన్నడూ లేదు.

"ఎలాగూ వచ్చారు కాబట్టి సమావేశం మొదలెడదాం," అన్నాడు.

సెకరిని పైనుంచి వంగి అరిచింది. "పెదనాన్నా! ఇదన్యాయం! ముందు నిచ్చెన తెప్పించు!"

"అక్కడే ఉండు తల్లీ. అందరికీ బాగా కనబడుతున్నావు."

పైనుంచే కోతుల తరఫున మాట్లాడింది, బతిమాలింది. కింద ఎవరూ తలెత్తలేదు. కోతుల్ని పంపేయాలన్నవాళ్లు చేతులెత్తండి అనగానే మంటపమంతా చేతులే. ఇన్నేళ్లూ పేర్లు పెట్టి పెంచుకున్నట్టు చూసుకున్న గుంపు అది. ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది.

"మంచిది," అన్నాడు విందియా. "చేతులెత్తినవాళ్లు వంతులవారీగా తెల్లారకముందే లేచి బోన్ల దగ్గర కాపలా కాయాలి. గుంపంతా పడేదాకా. రేపటి వంతు ఎవరిది?"

రంతున్ తాత చెయ్యి దించి దగ్గాడు. సుద్రి అత్తకి జడ సవరించుకోవాలని గుర్తొచ్చింది. కోతులు పోవాలని అందరికీ ఉంది. పక్కవాడు కాపలా కాస్తే బాగుండునని అంతకంటే ఎక్కువ ఉంది. ఒక్కొక్క చెయ్యీ దిగిపోయింది.

"పాపం, మూగజీవాలు," అంది సుద్రి అత్త. అందరూ అవునన్నారు. తీర్మానం వీగిపోయింది.

సెకరిని కళ్లు తుడుచుకుని అడవి వైపు చూసింది. గుంపు తిరిగొస్తోంది. పెద్ద ఆడకోతి ముందు, పిల్లలు వెనక, వరసగా గోడలు దాటి, మనిషన్నవాడు లేని ఇళ్లలోకి, తలుపులు తీసి ఉన్న వంటిళ్లలోకి దిగుతున్నాయి. అది ఆమెకి ఒక్కదానికే కనబడుతోంది. సుత్తి చేతిలోనే ఉంది. కొడితే వంటిళ్లు దక్కుతాయి, చేతులు మళ్లీ లేస్తాయి.

"ఏమ్మా, అటే చూస్తున్నావు, ఏమైనా కనబడుతోందా?" అని కిందినుంచి అడిగాడు విందియా.

"ఏం లేదు పెదనాన్నా. మీరు నెమ్మదిగా కానివ్వండి," అని సెకరిని సుత్తిని చప్పుడు కాకుండా కొక్కేనికి తగిలించింది.

ఆ ఏడాది ఆమె పరిశోధనకి ఒక అధ్యాయం పెరిగింది: కూత వేయకపోవడం వల్ల కలిగే లాభాలు.