గీజరు రహస్యం

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. వేడినీళ్ళు పడితేగాని తెల్లవారినట్టు ఒప్పుకోని అత్తగారు, కనబడినదాన్నల్లా విప్పి చూసే సైన్సు మాస్టారు, నాలుగు రోజులని వచ్చి పుట్టింట్లో నెల గడిపిన ఆడపడుచు, మాస్టారి భార్య అయిన లాయరు కోడలు. అత్తగారి స్నానం అయ్యేలోపు కోడలు తన కంపెనీతో మాట్లాడడం ముగించాలి, తర్వాత అందరూ కలిసి టిఫిను తినాలి. అనుకున్నది అంతే.

కోడలు ఓ పెద్ద గీజర్ల కంపెనీకి లాయరు. ఇంట్లో గీజరు కూడా ఆ కంపెనీ బహుమతిగా ఇచ్చిన కొత్త మోడలే. ల్యాప్‌టాప్‌లో డైరెక్టరు గొంతు తగ్గించాడు.

"మేడమ్, మన కొత్త మోడలు షాకు కొడుతోందట. బాధ్యత మన మెడకు చుట్టుకుంటుందా? ఇది మీకూ మాకూ మధ్య మాట. మూడో మనిషి చెవిన పడిందా, మీ ఉద్యోగం ఉండదు."

సరిగ్గా అప్పుడే బాత్‌రూములో బకెట్టు చప్పుడైంది. కోడలు మైకు ఆపి పరుగెత్తింది.

"అత్తయ్యా, గీజరు వెయ్యకండి!"

"ఏం?"

"చెప్పకూడదు."

"నా కొడుకింట్లో నాకు వేడినీళ్ళకు కూడా కరువా?"

"కరెంటు బిల్లు గురించేమోలే అమ్మా," అని ఆడపడుచు నిప్పు రాజేసింది.

దిక్కుతోచక కోడలు, "అది పాడైంది," అంది. ఆ ముక్క వినగానే మాస్టారి మొహం వెలిగిపోయింది. స్క్రూడ్రైవరుతో స్టూలెక్కేశారు.

"ఏమండీ, దిగండి!"

"ఎందుకు?"

"అదీ చెప్పకూడదు!"

ఇక లాభం లేదని మెయిన్ స్విచ్చు దించేసింది. ఫ్యాను ఆగింది. వైఫై పోయింది. కంపెనీ మాయమైంది.

కాసేపటికి ముందుగదిలో ఆమె ఫోను మోగింది. వదినకు సాయం చేద్దామని ఆడపడుచు ఎత్తి, స్పీకరు నొక్కింది.

"షాకు కొట్టే గీజర్ల సంగతి మీ ఇంట్లోవాళ్ళకు కూడా తెలియనివ్వకండి మేడమ్!" అన్నాడు డైరెక్టరు, ఇంటిల్లిపాదికీ వినబడేలా.

అత్తగారు తన చేతులకేసి చూసుకుంది. "అయితే రోజూ కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోంది అందుకా? కీళ్ళనొప్పులు తగ్గుతున్నాయని మురిసిపోయానే!"

కోడలు ఫోను లాక్కుంది. "మూడో మనిషే కాదు సార్, నాలుగూ ఐదూ కూడా విన్నారు. ఒకరికి షాకు కూడా కొట్టింది. అమ్మినవన్నీ వెనక్కి తెప్పించండి. నా సలహా ఇదే."

డైరెక్టరు దిగివచ్చాడు. "తెప్పిస్తాం. మీ అత్తగారు మాత్రం కేసు వెయ్యకుండా చూడండి. మీ ఉద్యోగం ఇక ఆవిడ చేతుల్లో ఉంది."

అత్తగారు కోడలి తల నిమిరింది. "పిచ్చితల్లీ, నా ప్రాణం కాపాడావు. నిన్నెన్ని మాటలన్నానో!"

కోడలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కాఫీ పెట్టడానికి వెళ్ళింది. కప్పులతో తిరిగివచ్చేసరికి పడకగదిలో అత్తగారి పక్కన ఎదురింటి ప్లీడరు తాతగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఏళ్ళ తరబడి కేసు లేని ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"అమ్మాయ్, నువ్వెవరి తరఫు?"

"కంపెనీ తరఫు... కానీ ఈ ఇంటి కోడల్నేగా తాతగారూ!"

అత్తగారు లేచి వచ్చి కప్పులు అందుకుంది.

"నువ్వంటే నాకు ప్రాణమే తల్లీ. కానీ ఇది నాకూ మా లాయరుకూ మధ్య మాట," అని మోచేత్తో తలుపు మూసేసింది.

కోడలు ఎంతసేపు చెవి ఆనించినా లోపలి మాట ఒక్కటీ బయటికి రాలేదు. ఆ తలుపు వేరే కంపెనీది.