ఎటు పోతున్నరని అడిగే ఏజెంటుకు నూటికి నూరు

అందరికి ఎరుక చేసేదేమంటె, ఇచ్చోడ రోడ్డు మీదున్న మా పత్తి మిల్లుల ఏఐ ఏజెంటుకు రాసిచ్చిన సూచనలు పరీక్ష పాసైనయి. నూటికి నూరు వచ్చినయి. మార్కులేసినోళ్లల్ల నేను గూడ ఒకణ్ని.

ఏజెంటంటె దుబాయి వీసాలు ఇప్పిచ్చేటోడు అనుకునేరు. గాయన పైసలు దీస్కొని మాయమైతడు. గీయన ఫోన్ల ఉంటడు, ఎటూ పోడు. మిల్లుకు ఎవలొచ్చిండ్రు, ఎవలు సెలవు వెట్టిండ్రు అన్న ముచ్చటంత ఇప్పుడు హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ల ఉన్నది. మనం గేటుకాడ ఫోనుకు చెప్పాలె. ఏజెంటు ఇంటడు, గా సాఫ్ట్‌వేరు లోపటికి పోయి రాసొస్తడు. కని పోయే ముందు మనల్నేమడగాలె, ఎట్ల రాయాలె అన్నది ఆయనకు మనిషే చెప్పాలె. మా యజమాని రాజేశ్వర్‌రావు సారు కొడుకు విక్రాంత్ బాబు హైద్రాబాద్ల కూసొని రాసిండు. రాసింది మంచిగున్నదా లేదా తేల్చెటందుకు సంఘం ఏసిండ్రు. సారొకరు. సారు మేనకోడలు ప్రజ్ఞ మేడం ఒకరు. ఆమె నౌకరే గిసొంటి సూచనలకు మార్కులేసుడు. పనోళ్ల తరఫున నేను. నాకు సదువు రాదు గనుక తప్పులు వట్టనని ఏకగ్రీవంగ ఎన్నుకున్నరు.

మేడం సదివింది, మేం ఇన్నం. పనోళ్లతోని మర్యాదగ మాట్లాడాలె అని మొదలువెట్టిండు బాబు. దానికి పూరా మార్కులు. సెలవు అడిగినోళ్లను ఎటు పోతున్నరు, ఎందుకు పోతున్నరు అని ప్రేమతోని అడగాలె అన్నడు. ప్రేమ ఉన్నది గనుక దానికీ పూరా. జవాబు చెప్పకుంట ఎనుకకు మల్లితె, సెలవు వద్దనుకున్నరని రాసుకోవాలె. సెలవు వెట్టనోళ్లు పనికొచ్చినట్టే లెక్క. "దీంట్ల పనోళ్ల మీద ఎంత నమ్మకమున్నది మామయ్యా!" అని మేడం మెచ్చుకున్నది. నడుమ సమోసాలొచ్చినయి. సమోసా నములుకుంట సున్న ఏసినోణ్ని నేనింతవరకు సూడలే.

"తాతా, మీరేమన్న చెప్తరా?" అని మేడం అడిగింది.

"గేటుకాడ జర బల్ల ఏపిచ్చున్రి బిడ్డా. నిలవడితె మోకాళ్లు గుంజుతున్నయి" అన్న. గది రాసుకున్నరు. బల్ల వచ్చింది.

తెల్లారి పొద్దుగాల పోశవ్వ వచ్చింది. మా మిల్లుల పత్తి ఏరుతది. బిడ్డ వందన లక్సెట్టిపేట దవాఖాన్ల పురుటికి చేరింది. తొలుసూరు కాన్పు. అల్లుడు మస్కట్ల ఉన్నడు, పిల్ల పక్కకు ఎవ్వలు లేరు. పోశవ్వ సంచి సంకల వెట్టుకొని ఫోను ముంగట నిలవడ్డది.

"బాబూ, సెలవు గావాలె. బయలెల్లిన."

"నమస్కారం అవ్వా. ఎటు పోతున్నరు?"

ఇగ మీకు చెప్పేదేమున్నది. మంచిపనికి కాలు బయట వెట్టినోళ్లను ఎటు అని అడ్డమడగద్దు, దూరమేనా అనాలె. అడిగితె ఎనుకకొచ్చి, జరసేపు కూసొని, నీళ్లు తాగి మల్ల లేవాలె. లేకుంటె పోయిన పని కాదు. పోశవ్వ నోరు మూసుకొని ఎనుకకు మల్లింది. బల్ల మీద కూసున్నది. నీళ్లు తాగింది. లేచింది.

"బాబూ, సెలవు..."

"నమస్కారం అవ్వా. ఎటు పోతున్నరు?"

"నీ నోట్ల మన్నువడ! అడ్డమడుగుతవేందిరా? దూరమేనా అవ్వా అని అడిగితె నీ సొమ్మేం పోతది?"

"మీ సలహాకు ధన్యవాదాలు. ఎటు పోతున్నరు?"

మల్ల కూసున్నది. ఎనుక నిలవడ్డ పరశురాములు నవ్విండు. కొడుక్కు పిల్లను సూసెటందుకు పోతుండు ఆయన. "పోశక్కా, అది మిషిన్. మిషిన్ అడిగితె తాకుతదా?"

"పిల్లి మనిషారా? ఎదురొస్తె నువ్వు ఆగవా?"

పరశురాములు జర ఆలోచన జేసిండు. తన వంతు రాంగనే ఆయన గూడ పోయి పోశవ్వ పక్కన కూసొని నీళ్లడిగిండు. పగటాల్లకు బల్ల నిండింది, నీళ్ల కుండ ఎండింది.

పొద్దుమూకి సాఫ్ట్‌వేరు బాబుకు రాసిచ్చింది: అడగవచ్చినోళ్లందరు తమ ఇష్టంతోనే సెలవు మానుకున్నరు. బాబుకు కండ్లల్ల నీళ్లు దిరిగినయట. సంఘం మల్ల కూసున్నది. జనం గిట్ల పరేషాన్ అయితున్రు, ఎటు అని కాకుంట దూరమేనా అని అడుగుమనున్రి అని నేను చెప్పిన. మేడం మంచిగ ఇన్నది. "దూరమంటె ఎన్ని కిలోమీటర్లో రాయాలె తాతా. సాఫ్ట్‌వేర్ల ఆ గడి లేదు" అన్నది. సారు మాత్రం ఆచారం కాపాడాలె అన్నరు. సూచన మార్సలే. గేటుకాడ ఇంకిన్ని బల్లలు, సల్లటి నీళ్ల మిషిన్ ఏపిచ్చి రిబ్బను కత్తిరిచ్చిండ్రు. "ఎనుకకు మల్లే హక్కు ప్రతి కార్మికునికి ఉన్నది! ఆ హక్కును నీళ్లిచ్చి కాపాడుకుంటం!" అని సారు మాట్లాడిండ్రు. గంత పెద్ద మాట మా తాలూకల ఎవ్వలనలే.

గా మాట నడుస్తుండంగనే వందన ఫోన్ జేసింది. "అవ్వా, నొప్పులొస్తున్నయే. నువ్వు రావా?" అన్నదట. పోశవ్వ సంచి సంకల ఏసుకున్నది. ఏజెంటు దిక్కు సూడలే, సెలవడగలే. గేటు దాటి బస్సెక్కింది. అడగలేదు గనుక అడ్డమెవ్వలు రాలే. సెలవు లేదు గనుక సాఫ్ట్‌వేర్ల ఆమె పత్తి ఏరుకుంటనే ఉన్నది.

గా కిటుకు అందరికి ఎరుకైంది. పరశురాములు పిల్లను సూసొచ్చిండు, లగ్గం ఖాయం జేసొచ్చిండు, పనిలనే ఉన్నడు. ఒకలెనుక ఒకలు మిల్లు ఖాళీ అయింది, హాజరు నిండింది. పత్తి కుప్పలు ఎందుకు తరుగుతలేవని సారు అడిగితె, అందరు పనిల ఉన్నరని ఏజెంటు చెప్పిండు. ఇగ మనుషుల తప్పు కాదని తేలింది. పత్తినే పరీక్షకు వంపిండ్రు.

ఒక్క రోజు తప్పకుంట వచ్చినందుకు పోశవ్వకు శాలువ కప్పాలని సభ వెట్టిండ్రు. మీఠాయి ఉన్నదంటె అందరొచ్చిండ్రు, పోశవ్వ తప్ప. పని ఇడిసి సన్మానానికి గూడ రాలేదని సారు మురిసిండ్రు. మైకు కాడికెల్లే ఆమెకు ఫోన్ గలిపిండ్రు.

"పోశవ్వా, పని నడుస్తుందా?"

"మస్తు నడుస్తుంది సారూ, కూసునెటందుకు సందు లేదు" అన్నది పోశవ్వ. ఆమె మాటెనుకనే క్యార్‌మని ఏడుపు. వందన బిడ్డ, పుట్టి పది రోజులైన ఆడపిల్ల. మైకుల ఊరంత ఇనవడ్డది.

"ఇన్నరా?" అన్నరు సారు మా దిక్కు మల్లి. "నూనె లేక మిషిన్ గంత మొత్తుకుంటున్నా, పని ఇడుస్తలేదు!"

సభల పిల్లల్ని సాదనోళ్లు ఎవ్వలు లేరు. అయినా అందరం సప్పట్లు కొట్టినం. గా సప్పట్లు ఫోన్ల ఇని పిల్ల ఊకున్నది. "సూసిండ్రా, మెచ్చుకుంటె మిషిన్ గూడ మాటింటది!" అన్నరు సారు. ఇంకింత గట్టిగ కొట్టినం.

లేచి చెప్పకపోయినవా అంటరేమో. పెద్దసారు మైకు వట్టినప్పుడు మీ ఆఫీసుల లేచి చెప్పినోళ్లుంటె తోలియ్యున్రి. మా సంఘంల నా జాగ ఇస్త.