అమృత ఘడియల్లో లైబ్రరీ

సోమవారం పొద్దున వంశీధర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పంజగుట్టలో ఆఫీసుకు అందరికంటే ముందు వెళ్ళి, ఉన్న ఒక్క పనీ ముగించుకుని, పదింటికల్లా బల్కంపేటలో స్కూలు ముందు నిలబడాలి. కూతురు సంహితకు ఎల్కేజీ ఇంటర్వ్యూ. తల్లీ తండ్రీ ఇద్దరూ రాకపోతే దరఖాస్తు పక్కన పడేస్తామని స్కూలువాళ్ళు ముందే చెప్పారు. కిందటిసారి వంశీధర్ ఇలాగే ఆఫీసులో ఇరుక్కుపోయి ఒక స్కూల్లో సీటు పోగొట్టాడు. "ఈసారి రాకపోతే ఇంటికి కూడా రాకండి," అని భార్య సుమశ్రీ గడప దగ్గరే చెప్పి పంపింది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి.

పని కూడా నిజంగా చిన్నదే. వాళ్ళ కంపెనీ స్కూళ్ళకు ఫీజులు, హాజరు, బస్సులు, మార్కులు అంటూ బోలెడు ప్రోగ్రాములు అమ్ముతుంది. తేదీల లెక్క కోసం అవన్నీ ఒకే లైబ్రరీని వాడుకుంటాయి. లైబ్రరీ అంటే పుస్తకాలు కాదు, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఒక ఫైలు. దానికి కొత్త వెర్షన్ వచ్చింది. లోపల మరమ్మతే తప్ప పైకేమీ మారలేదు కాబట్టి ఆ ఒక్క ఫైలు మారిస్తే సరి, మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. కాకపోతే వాళ్ళ సర్వర్‌కు ఒక చాదస్తం ఉంది. ప్రోగ్రాం కంటే లైబ్రరీ తేదీ కొత్తగా కనిపించిందా, ఆ ప్రోగ్రాంను మొదటినుంచీ మళ్ళీ తయారుచేస్తానంటుంది. అంతదాకా ఏ స్కూల్లోనూ ఏదీ తెరుచుకోదు. అందుకే వంశీధర్ కొత్త ఫైలుకు పాత తేదీ వేసి, గుట్టుచప్పుడు కాకుండా పెట్టేసి, బ్యాగు సర్దుకున్నాడు.

అప్పుడే యజమాని చక్రపాణి గారు లోపలికొచ్చారు.

"ఏంటయ్యా, అయిపోయిందా? ఎప్పుడు పెట్టావ్?"

"ఇప్పుడేనండీ, ఎనిమిదింటికి."

చక్రపాణి గారు కుర్చీ పట్టుకున్నారు. "సోమవారం ఎనిమిదింటికా? రాహుకాలం కదయ్యా! కంపెనీని ముంచుదామనా?"

వంశీధర్ నోరు తెరిచేలోపే ఆయన సర్వర్ చూసుకునే రమేశ్‌ను కేకేశారు. "మధ్యాహ్నం పన్నెండింటికి అమృత ఘడియలున్నాయి. సర్వర్ గడియారం అక్కడికి జరుపు, ఫైలు మళ్ళీ పెట్టు, గడియారం వెనక్కి తిప్పెయ్."

"గంతే గదా సార్," అన్నాడు రమేశ్. యజమానితో వాదించే అలవాటు అతనికి లేదు.

"సార్, అలా చేస్తే..." అన్నాడు వంశీధర్.

"నువ్వు మాట్లాడకు. చేసిన నిర్వాకం చాలు."

రమేశ్ చెప్పినట్టే చేసి గడియారం వెనక్కి తిప్పగానే సర్వర్ ఉలిక్కిపడి లేచింది. లైబ్రరీ తేదీ చూస్తే ఇంకా రాని మధ్యాహ్నం. ప్రోగ్రాములన్నీ దానికి పాతగా కనిపించాయి. వరసపెట్టి తయారీ మొదలైంది.

"అన్నా, ఫీజులది అయిపోయింది. అయిపోంగనే మళ్ల షురూ జేసింది. గిదేంది?" రమేశ్ బిక్కమొహం వేశాడు.

"ఎన్నిసార్లు చేసినా మన ప్రోగ్రాం పొద్దుటిదే, లైబ్రరీ మధ్యాహ్నానిది! పన్నెండు దాటేదాకా ఇది ఆగదు. ఆ తేదీ మార్చెయ్!"

"అమృత ఘడియలు చెరిపేస్తావా?" చక్రపాణి గారు సర్వర్‌కు అడ్డంగా నిలబడ్డారు. "పని నెమ్మదిగా సాగుతోంది, అంతే. పక్క కంప్యూటర్లు కూడా దీనికి తగిలించండి. తేలేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు."

తగిలించారు. అక్కర్లేని పని ఇప్పుడు రెట్టింపు వేగంతో మళ్ళీ మళ్ళీ జరగసాగింది. స్కూళ్ళ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. వంశీధర్ జేబులో ఫోను కూడా మోగుతోంది, తీసి చూసే ధైర్యం అతనికి లేదు. చక్రపాణి గారు ఏదో స్కూలువాళ్ళను బతిమాలుతూ గోడవైపు తిరగగానే రమేశ్ కన్ను గీటాడు.

"నువ్ పో అన్నా. సార్‌కు నేను జెప్త. ఫికర్ జెయ్యకు."

ఆటో అమీర్‌పేట చౌరస్తాలో మెట్రో స్తంభం పక్కన ఇరుక్కుంది. ఇక లాభం లేదని వంశీధర్ దిగి పరుగెత్తాడు. స్కూలు చేరేసరికి పది ఎప్పుడో దాటింది. భార్య ఏమంటుందోనని భయపడుతూనే గేటు దాటాడు.

సుమశ్రీ సంహితను పట్టుకుని ఎదురొచ్చింది. "మీ అదృష్టం బాగుంది. లోపల కంప్యూటర్ పనిచెయ్యట్లేదంట. ఇంకా ఎవర్నీ పిలవలేదు," అంది.

వంశీధర్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వెంటనే ఒక అనుమానం వచ్చి, ఆ ప్రాణం మళ్ళీ పోయింది.

కాసేపటికి, కంప్యూటర్ సంగతి తర్వాత చూద్దామని ప్రిన్సిపాల్ ఉదయలక్ష్మి గారు పిలుపులు మొదలుపెట్టారు. ఆవిడ గదిలో తెరమీద అతని కంపెనీ గుర్తు ఏనుగు, దాని కింద "తయారవుతోంది, దయచేసి ఆగండి" అన్న మాటలు.

"పోయిన వారమే తీసుకున్నామండీ దీన్ని. ఆ కంపెనీవాడు ఒక్కడు నా కంటపడాలి, చెబుతా! మీరూ సాఫ్ట్‌వేరే కదా, వీళ్ళు తెలుసా?"

"పేరు కూడా వినలేదండీ," అన్నాడు వంశీధర్.

సంహిత కుర్చీ ఎక్కి తెరవైపు వేలు చూపించింది. "ఏనుగు! నాన్న మెళ్ళో కూడా ఇదే ఏనుగుంది!"

పరుగెత్తుకొచ్చిన వంశీధర్ మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. సుమశ్రీ తల దించుకుంది. ఉదయలక్ష్మి గారు కార్డునూ తెరనూ మార్చి మార్చి చూశారు. వంశీధర్‌కు ఈ సీటు కూడా పోయినట్టే అనిపించింది.

"పిల్ల చురుకైంది. అడక్కుండానే పోలిక పట్టేసింది. సీటిస్తున్నాం," అన్నారావిడ. తర్వాత వంశీధర్ వైపు తిరిగారు. "మీరు మాత్రం అలా కూర్చోండి. ఇది తెరుచుకునేదాకా మిమ్మల్ని గేటు దాటనివ్వద్దని వాచ్‌మన్‌కు చెబుతున్నా."

వంశీధర్ రమేశ్‌కు ఫోన్ చేశాడు. "తేదీ మారుస్తనంటే సార్ నా మాట ఇంటలేడన్నా. పన్నెండు దాక ఆగాల్సిందే," అన్నాడతను.

సంహిత తల్లితో ఆటోలో ఇంటికి వెళ్ళిపోయింది. ఆ బళ్ళో మొదటి రోజు బుద్ధిగా కూర్చున్నది మాత్రం వంశీధరే.