సముద్రానికి గుచ్చిన గుండుసూది

విప్పేశ్వర్రావు అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. మోటార్లకు వైండింగ్ చేసే షాపులో తోటివాళ్లు ఇచ్చిన బిరుదు. ఆగిపోయిన వస్తువును విప్పేదాకా ఆయన చెయ్యి ఊరుకోదు. బిగించాక ఒక స్క్రూ మిగలకపోతే మనసు ఊరుకోదు.

ఆ మహానుభావుడికి ఏడేళ్ల తర్వాత ఐదు రోజుల సెలవు దొరికింది. ఐదు రోజులూ ఫ్యాను కింద చాప మీద శవంలా పడి ఉండాలని నిర్ణయించుకున్నాడు. ఆ సంగతి భార్యకు చెప్పడమే పొరపాటైంది.

ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని, పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకునే అంది. "సముద్రానికి వెళ్దాం."

"చూశావుగా."

"ఏ జన్మలో?"

"పెళ్లయిన మూడో ఏడు. కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని నీళ్లలో నిలబడ్డావు. ఫోటో ఉంది."

"అది మీరు పంపు రిపేరుకెళ్లిన చెరువండీ! సముద్రానికి అవతలి గట్టు కనిపిస్తుందా ఎక్కడైనా?"

"అది మబ్బు. కంప్యూటర్లో మ్యాపు మీద పెట్టి చూపిస్తా. అప్పుడేమంటావు?"

"చూపిస్తే ఐదు రోజులూ పడుకోండి, లేపను. చూపించలేకపోతే రేపు పొద్దున్నే ప్రయాణం."

ఇంతకన్నా చవక బేరం ఉండదనుకున్నాడు విప్పేశ్వర్రావు. ఆయన ఫోటోలన్నీ పదమూడేళ్ల నాటి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. ఏ ఫోటో ఎక్కడ తీసిందో అది మ్యాపు మీద ఎర్ర సూది గుచ్చి చూపిస్తుంది. కొత్తది వేసుకోమని ఎవరు చెప్పినా, "పాతది తిండి అడిగిందా?" అనేవాడు.

తెరిచాడు. సూదులున్నాయి. మ్యాపు లేదు. బూడిదరంగు పలక మీద ఎర్ర సూదులు దిక్కులేని పక్షుల్లా వేలాడుతున్నాయి.

"ఏమండీ, సముద్రం ఇంకిపోయిందా?"

"నోరుముయ్. ఇంటర్నెట్టు సరిగ్గా లేదు."

గోడకున్న ఇంటర్నెట్ పెట్టె ఊడదీశాడు. దాని పొట్ట విప్పి ఊదాడు. మూత బిగించాడు. ఒక స్క్రూ మిగిలింది. పెట్టె మీద వెలిగే నాలుగు దీపాల్లో మూడు మిగల్లేదు.

అదే పెట్టె మీద బతుకుతున్న మేడమీది మాస్టారు మెట్లు దిగి వచ్చారు. "ఏమయ్యా, నా పాఠం మధ్యలో ఆగిపోయింది!"

"మా మ్యాపు రావట్లేదండి. పెట్టె విప్పాను."

"మీ మ్యాపు దాన్లో ఇరుక్కుందా?"

మాస్టారే తీగలు సర్ది, దీపాలు వెలిగించి, గొణుక్కుంటూ పైకెళ్లారు. మ్యాపు మాత్రం కదల్లేదు.

ఇక సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేశాడు. చెయ్యి ఖాళీ లేక స్పీకరులో పెట్టాడు.

"సార్, మ్యాపు మీ కంప్యూటర్లో ఉండదు," అంది అటువైపు అమ్మాయి. "తెరిచినప్పుడల్లా బయటి నుంచి తెచ్చుకుంటుంది. మీ పాత సాఫ్ట్‌వేర్ వెళ్లి అడిగే చోటు మూసేశారు."

"మూసేస్తే నాకు చెప్పొద్దా? ఇరవై మూడేళ్లుగా మోటార్లు చుడుతున్నా, పాత మోటారని ఒక్కదానికైనా కరెంటు ఆపానా?"

"కొత్తది వేసుకోండి సార్. లేదంటే ఫోటోలో ఆ చోటు తాలూకు అంకెలు భద్రంగానే ఉంటాయి, వాటిని..."

కొత్తది అన్న మాట దగ్గరే ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు తట్టింది ఒక దివ్యమైన ఆలోచన. పదమూడేళ్ల కిందట మ్యాపు వచ్చేది. కాబట్టి కంప్యూటర్ గడియారాన్ని పదమూడేళ్లు వెనక్కి తిప్పితే సరి! తిప్పాడు. మ్యాపు రాలేదు సరికదా, తెరిచిన ప్రతి పేజీ 'నమ్మదగ్గది కాదు' అని తలుపు మూసుకుంది. భార్య బట్టల ఆర్డర్లు వచ్చే పేజీ కూడా.

"మీరు మొత్తంగా పదమూడేళ్లు వెనక్కెళ్లారా, ఒక్క మీ బుద్ధేనా?" అంటూ ఆవిడ మిషను ఆపి లేచి వచ్చింది. తేదీ సరిచేసింది. తన ఫోన్ అందించింది. "ఆ పిల్ల అంకెలున్నాయందిగా. ఇందులో కొట్టండి."

"నాకు తెలుసు. అదే చేయబోతున్నా."

ఫోటో పక్కన రెండు పొడుగాటి అంకెలు ఉండనే ఉన్నాయి. చుక్కలతో సహా కొట్టాడు. ఫోన్ నిండా నీలం పరుచుకుంది.

"సముద్రం!" చాప మీదే గెంతాడు విప్పేశ్వర్రావు. "చూడు! సముద్రమా, కాదా?"

ఆవిడ రెండు వేళ్లతో మ్యాపును చిన్నది చేసింది. "సముద్రమే. ఒడ్డు నుంచి నలభై కిలోమీటర్లు లోపలికి. అక్కడ కుచ్చిళ్లు తడవకుండా నిలబడ్డానా నేను?"

విప్పేశ్వర్రావు మ్యాపును మళ్లీ పెద్దది చేశాడు.

"ఆనాటి కెమెరాకు చోటు తెలుసా అసలు?"

"... తెలీదు."

"మరి ఈ సూది ఎవరు గుచ్చారు?"

"నేనే. గుర్తున్నంతలో గుచ్చా. కొంచెం చెయ్యి జారినట్టుంది."

"నా చేతిలో రోజుకు వంద సూదులాడతాయి. సూది గుచ్చినచోట ఉంటుంది కానీ, అక్కడ ఎందుకుందో దానికేం తెలుసండీ?" అని, గొంతు మెత్తబరిచింది. "పోనీలెండి. నేనే మర్చిపోయుంటా. ఒక్కసారి తీసుకెళ్లి ఆ చోటు చూపించండి. గుర్తొస్తే నలుగురిలో మీకు క్షమాపణ చెప్తా."

రానంటే చెరువని ఒప్పుకున్నట్టు. వస్తానంటే చాప చుట్టేసినట్టు. ఆయన ఇంకా లెక్క తేల్చుకుంటూ ఉండగానే ఆవిడ ఫోన్లో సూదికి దగ్గరి ఒడ్డు ఎంచుకుని దారి మీట నొక్కేసింది. "ఆరు గంటల నలభై నిమిషాలు" అని చూపించింది ఫోను. ఆపైన గట్టిగా పలికింది కూడా. "తిన్నగా వెళ్లండి."

తిన్నగా ఎదురుగా ఉన్నది అటక. అటక మీద సూట్‌కేసు.

విప్పేశ్వర్రావు నిచ్చెన తెచ్చుకున్నాడు.